పదవ తరగతి యేడు ఎవరిది?

హైస్కూలు చదువు బాలిక గల యిండ్లలో పదవ తరగతి యేటికి ప్రత్యేకమైన మర్యాద యొకటి కలదు. "మా పిల్లకు ఈ యేడు పది" అని తల్లి యొక్క మాట యన్నచో చాలును. పెండ్లికి పిలువవచ్చినవారు బలవంతపెట్టరు, టెలివిజను మూతపడును, తెల్లవారుజామున నాలుగు గంటలకు బాలికను లేపుట న్యాయమగును. మార్చిలో పరీక్షలు మొదలగును, ఏప్రిలులో ముగియును, వేసవి ముదురుసరికి ఫలితములు వచ్చును. అప్పుడు ఇంటివారు వేయు ప్రశ్న యొకటి, మార్కులెన్ని యని. ఇరుగుపొరుగువారు వేయు ప్రశ్న మరియొకటి, ఇక నేమి చేయింతురని. మొదటిదానికి కాగితము సమాధానము చెప్పును. రెండవదానికి తండ్రి చెప్పును. "అమ్మా, నీకీ యేడు ఎట్లు గడచినది?" అని ఆ బాలికనే యడుగువారు అరుదు. ఈ నెల మేము ఆ మూడవ ప్రశ్ననే యెత్తికొనుచున్నాము.

ఇది ఊసుపోకకు వేయు ప్రశ్న గాదు. పదునాలుగు, పదునైదేండ్ల ప్రాయమున ఒక్క యేటిలో బాలికకు కలుగు మార్పు ఇల్లు నడుపు స్త్రీకి పదియేండ్లలోనైనను కలుగదు. ఎత్తు పెరుగును, నెలసరి యింకను క్రమపడదు, తనను గూర్చి యెవరేమనుకొనుచున్నారో యను శంక క్రొత్తగా పుట్టును, నిన్నటి వరకు ప్రాణమువంటి స్నేహితురాలు నేడు మాటలాడకపోయినచో అన్నము సహింపదు. ఈ తిరుగుడంతయు లోపల నడచుచుండగా వెలుపల గణితము, భౌతికశాస్త్రము, మూడు భాషలు. పెద్దలకు రెండవది మాత్రమే కనబడును. మొదటిది కనబడినప్పుడు దానికి "పొగరు" అని పేరు.

దేహపు లెక్కను ముందుగా ముగించి మాటలోనికి వత్తుము. మన రాష్ట్రమున ఈ ప్రాయపు బాలికలలో సగమునకు మించి రక్తహీనులు. చదువుచు చదువుచు పుస్తకముపై తల వాల్చు పిల్లను సోమరియని తిట్టుటకు ముందు ఆమె కనురెప్పల లోపలి భాగము పాలిపోయి యున్నదేమో చూడవలెను. బడిలో వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు ఇనుము మాత్రను "కడుపులో త్రిప్పును" అని పారవేయు బిడ్డలు పెక్కురు. అన్నము తిన్న పిమ్మట వేసికొన్నచో ఆ బాధ చాలవరకు తగ్గును. మాత్రతోను భోజనముతోను టీ త్రాగరాదు, అది ఇనుమును వంటికి పట్టనీయదు, నిమ్మకాయ పట్టించును. మా ప్రాంతములకు జొన్నరొట్టె, ఆకుకూర, పల్లీలు, బెల్లము క్రొత్తవి గావు. ఇవన్నియు మగపిల్లవాని పళ్ళెములో మొదట పడి, మిగిలినవి ఆడపిల్లకు వచ్చు ఇండ్లు ఇంకను కలవని మాత్రము వ్రాయక తప్పదు.

ఇక నిద్ర. రాత్రి పదునొకండు వరకు చదివించి నాలుగింటికి లేపుట శ్రద్ధయని తల్లులు తలచుచున్నారు. పెరుగు దేహమునకు ఎనిమిది గంటల నిద్ర కావలెను. నిద్రలేని తల కుండకు చిల్లువంటిది. ఎంత పోసినను నిలువదు.

ఇంతవరకు చెప్పినది ఏ యూరి తల్లికైనను చెల్లును. కాని మేము ఈ ప్రశ్నను గద్వాల నుండి అడుగుచున్నాము, అందుచేత దాని బరువు వేరు.

కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న మా నేలకు నడిగడ్డ యని పేరు. సంస్థానపు దినములలో పండితులకు కవులకు ఏటేట సత్కారములు జరుగుచుండుటచే దీనిని విద్వద్గద్వాల యనిరి. 1924 నుండి సంస్థానము ముగియువరకు ఏలినది స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ; కోటలోనే నేడు ఆమె పేర ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడచుచున్నది. ఇంత చెప్పిన నోటితోనే మరియొకటియు చెప్పవలెను. 2011 జనాభా లెక్కలను 2016లో ఏర్పడిన క్రొత్త జిల్లాల వారీగా పంచి చూచినప్పుడు తెలంగాణమున అక్షరాస్యతలో అన్నిటికంటె అడుగున నిలిచినది జోగులాంబ గద్వాల జిల్లా. అక్షరములు వచ్చినవారు నూటికి 50 మంది యైనను లేరు; స్త్రీలలో అంతకంటెను తక్కువ. రాణి యేలిన యూరిలో రాణి పేరు వ్రాయగల తల్లులు సగము మంది లేరన్నమాట. సంస్థానపు సత్కారములు కోటగోడలు దాటి పల్లెలకు రాలేదు, బాలికల వద్దకు అసలే రాలేదు.

కావున నడిగడ్డ పల్లెలో ఒక బాలిక పదవ తరగతి వరకు వచ్చినదనగా, చాల యిండ్లలో ఆ వంశమునందు అంతవరకు చదివిన మొదటి స్త్రీ ఆమెయే. తల్లి చదువలేదు, నాయనమ్మ చదువలేదు. "నాకు చెప్పు, నేను వ్రాయించెదను" అనువారు ఇంట లేరు. ఆ యేటిలో ఆమె యెక్కవలసిన మెట్టు పట్టణపు బాలిక యెక్కు మెట్టుకంటె ఎత్తైనది.

అంతటితో పోలేదు. ఆ యేటికి వాటా అడుగునది మరియొకటి కలదు. అది పత్తి పూవు.

గద్వాల యనగానే సోదరీమణులకు చీర జ్ఞప్తికి వచ్చును, అది సహజమే. నూలు ఒంటికి పట్టు అంచు కలుపు ఆ నేతలో మూడు నాడెలు ఆడవలెను. నేతగాండ్ర యిండ్లలో బాలికలు కండెలు చుట్టుట మేమెరుగనిది కాదు. ఆ పని యింటిలోనే యుండును గనుక బడి కొంత నిలుచును. పొలమున జరుగు పని అట్టిది కాదు. నడిగడ్డ నేడు దేశములో విత్తనపు పత్తి పండించు ముఖ్యమైన తావులలో ఒకటి. మనము ధరించు నూలు బట్టలో చాలభాగమునకు మూలము ఈ విత్తనమే గనుక, దాని పుట్టుక యెట్టిదో గృహిణులు తెలిసికొనుట యుచితము.

1970లో గుజరాతునందలి సూరతు పరిశోధనా క్షేత్రమున సి.టి. పటేల్ అను శాస్త్రజ్ఞుడు రెండు రకముల పత్తిని కలిపి ఒక సంకర రకమును విడుదల చేసెను. వ్యవసాయమునకు అందిన సంకర పత్తిలో మొదటిది అదియే. దిగుబడి హెచ్చు, కాని దాని గింజను దాచి మరల నాటినచో తల్లి గుణము నిలువదు. ఏటేట క్రొత్త విత్తనము పుట్టింపవలెను, పుట్టించుట చేతితోనే కావలెను. పొలములో ఆడ వరుసలు వేరు, మగ వరుసలు వేరు. మరునాడు విచ్చుకొనబోవు ఆడ మొగ్గను ముందునాటి మధ్యాహ్నము వెదకి, బొటనవ్రేలి గోటితో రేకులను కేసరములను ఒలిచివేసి, లోపలి కీలమును గాయపడకుండ నిలిపి, గురుతు పెట్టవలెను. మరునాటి ఉదయము మగ పూవును కోసి తెచ్చి దాని పుప్పొడిని ఆ కీలముపై రాయవలెను. ఒక్క మొగ్గ తప్పిపోయి తానుగా విచ్చినచో ఆ కాయ విత్తనమునకు పనికిరాదు. పూత యున్నన్ని దినములు, అనగా సుమారు ఆగష్టు నుండి రెండు మూడు నెలలు, ఆదివారమని పండుగయని లేక నడువవలసిన పని యిది. మావారు దీనిని క్రాసింగు అందురు.

ఉదయము పుప్పొడి రాయుట, మధ్యాహ్నము మొగ్గ ఒలుచుట. పూవునకు ఏ వేళయో, బడికి అదే వేళ.

సేద్యపు ఖర్చులో పెద్ద పద్దు కూలియే. అందుచేత తక్కువ కూలికి వచ్చు చేతులను వెదకిరి. వెదకగా బాలికలు దొరకిరి. "చిన్న వ్రేళ్ళకే ఆ పని కుదురును, వారి యెత్తు మొక్కకు సరిపోవును" అని చెప్పుకొనుట కలదు. మాకు ఆ మాట నమ్మతగినదిగా తోచదు. చిన్న వ్రేళ్ళు మగపిల్లలకును కలవు. వారిని ముందుగా బడికి పంపిరి. పెద్ద స్త్రీల వ్రేళ్ళు నాజూకైన జరీ పనిని చేయగలిగినప్పుడు మొగ్గను ఒలువలేకపోవునా? కుదిరినది వ్రేలు గాదు, కూలి. దావులూరి వేంకటేశ్వర్లు అను పరిశోధకుడు 1990ల చివరి నుండి ఈ సంగతిని వ్రాయుచు వచ్చెను. ఆర్గనైజర్లు ముందుగా ఇండ్లకు బయానా లిచ్చి, ఆ బాకీ తీరువరకు బాలికలను పొలమున నిలుపుకొను పద్ధతి అప్పుడు లోకమునకు తెలిసెను. పురుగుమందు చల్లిన చేలలో ఒట్టి చేతులతో నిలుచు బాలికలకు తలనొప్పి, కన్నుల మంట, ఒంటిపై దద్దుర్లు వచ్చుట అప్పుడే వెలుగులోనికి వచ్చెను. గగ్గోలు పుట్టగా కంపెనీలు కొన్ని నియమములు పెట్టుకొన్నవి, అధికారులు తనిఖీలు చేసిరి. మరీ చిన్నబిడ్డలు పూర్వమువలె పెద్దగుంపులుగా నేడు కనబడరు. పదవ తరగతి చదువవలసిన బాలిక మాత్రము ఆ వరుసలలో నిలిచియే యున్నది.

ఏల యనగా చట్టము ఆమె చేయిని సరిగా ఆ ప్రాయముననే విడిచిపెట్టుచున్నది. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకే. బాలకార్మిక చట్టమును 2016లో సవరించినప్పుడు పదునాలుగేండ్లలోపు బిడ్డలను పనిలో పెట్టుకొనరాదనిరి, కాని బడి వేళ గానప్పుడు ఇంటివారి పనిలో తోడ్పడవచ్చుననిరి. పదునాలుగు నుండి పదునెనిమిది వరకు గనులు, పేలుడు పదార్థములు మొదలగు అపాయకరములగు పనులను మాత్రమే నిషేధించిరి. వివాహమునకు పదునెనిమిది నిండవలెను. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు: పదునాలుగు నిండిన నాటి నుండి పదునెనిమిది నిండువరకు బాలిక బడిలో నుండవలెనని నిర్బంధించు చట్టము లేదు. ఆ నాలుగేండ్ల నడుమనే పదవ తరగతి యున్నది. అక్కడ ఆమెకు కావలి చట్టము గాదు, తల్లి.

"బడిలో లేని బిడ్డ ఎక్కడ నున్నను పనిబిడ్డయే" అను సూత్రముపై మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషను తరఫున శాంతా సిన్హాగారు రంగారెడ్డి జిల్లా పల్లెలలో పనిచేసిరి. పొలము నుండి వచ్చిన బిడ్డలను కొన్ని నెలలు శిబిరములలో ఉంచి, వారి ప్రాయమునకు తగిన తరగతికి అందించుట వారి పద్ధతి. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారము వచ్చినది. ఆ శిబిరముల అనుభవమున తేలినదేమనగా, పేద తల్లిదండ్రులు బిడ్డ చదువును కోరనివారు కారు; కోరినను బడి ఆ బిడ్డను నిలుపుకొనునన్న నమ్మకము లేనివారు. ఈ భేదమును గుర్తింపక "వారికి చదువు విలువ తెలియదు" అని మన మేడలపై నుండి తీర్పు చెప్పుట సులభము.

బాలికకు ఒక యేటిని పూర్తిగా ఇచ్చినచో ఏమగును? దీనికి మన తెలుగునాటనే ఒక నిదర్శనము కలదు. లోకమంతయు దానిని శిఖరముగా చూచినది. మేము యేడుగా చూడగోరుచున్నాము.

మాలావత్ పూర్ణ 2000వ సంవత్సరమున నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున పుట్టినది. గిరిజనులు, వ్యవసాయపు కూలి చేసుకొను తల్లిదండ్రులు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులములో చదువుకొనినది. ఆ గురుకులముల కార్యదర్శిగా అప్పుడున్నవారు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు. వారి జన్మస్థానము అలంపురము, మా గద్వాలకు పొరుగు. 2013లో ఆ గురుకులముల బిడ్డలలో నూరుమందికి పైగా ఎన్నుకొని భువనగిరి గుట్టపై రాతిని ఎక్కుట నేర్పించిరి. భువనగిరి గుట్టను చూచినవారెరుగుదురు, అది ఒక్కటే శిల. నునుపైన బండ తిన్నగా పైకి లేచియుండును. మొదటిసారి దానిని చూచి భయపడితిననియు, ఎక్కిన పిమ్మట ఆ భయము పోయినదనియు పూర్ణయే తరువాత చెప్పినది. వారిలో ఇరువదిమందిని డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపిరి. అందుండి తొమ్మిదిమందిని చలికాలపు లడఖ్‌నకు కొనిపోయిరి, ఎముకలు కొరుకు చలికి దేహము అలవాటు పడుటకు. కడకు మిగిలినది ఇద్దరు: పూర్ణ, ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనంద కుమార్. శిక్షకుడు శేఖర్ బాబు గారు.

నేపాలు పదునారేండ్లు నిండనివారిని ఎవరెస్టుపైకి అనుమతింపలేదు గావున వారు టిబెట్టు వైపు నుండి ఎక్కవలసి వచ్చెను. 2014 ఏప్రిలు 18న నేపాలు వైపున మంచుకొండ కూలి పదునారుగురు పర్వతసహాయకులు మరణించిరి. ఆ వార్త వచ్చినప్పుడు తాడ్వాయి బాలిక కొండకు ఆవలి ప్రక్కన నుండెను. త్రోవలో పూర్వము మరణించినవారి దేహములు కనబడగా జడిసితినని ఆమెయే చెప్పినది. 2014 మే 25న తెల్లవారు వేళ 8,848 మీటర్ల శిఖరముపై నిలిచినది. వయస్సు పదమూడేండ్ల పదునొకండు నెలలు; అంతవరకు ఆ శిఖరమెక్కిన బాలికలలో ఆమెకంటె చిన్నది లేదు. బాలికలు ఏదైనను చేయగలరని చూపుటకే ఎక్కితినని పలుమారు చెప్పినది. తరువాత 2017లో ఆమె కథను రాహుల్ బోస్ చలనచిత్రముగా తీసిరి. 2022 నాటికి ఏడు ఖండముల ఎత్తైన శిఖరములన్నింటిని ఎక్కి ముగించినది.

ఎల్లరును ఇక్కడికి వచ్చి చప్పట్లు కొట్టి లేచిపోవుదురు. మాకు మాత్రము అంతకు ముందరి మాటపై మనస్సు నిలిచినది. ఆ యేడు ఆమె తొమ్మిదవ తరగతి బాలిక. ఆ ప్రాయమున, అంత పేదయింట, ఆమె చేతులకు పని లేకయుండునా? కూలికి రెండు చేతులు, చంకన ఎత్తుకొనుటకు చుట్టముల బిడ్డ, నీటికి బిందె, ఇవి ఏ పల్లెలోనైనను సిద్ధముగా నుండును. గురుకులము వాటినన్నింటిని ఆమె నుండి దూరముగా నుంచినది. ఏడాదిపాటు ఆమె అన్నము ఆమె వండుకొననక్కరలేదు; ఆమె దినము ఆమెదే. తల్లిదండ్రులు సమ్మతించిరి. అంత సాహసమునకు సమ్మతించిన ఆ కూలి దంపతుల గుండె కూడ కొండవంటిదే. వారి పేరున పతకములు లేవు.

ఇచ్చట సోదరీమణులలో కొందరు, "మా పిల్లలందరును ఎవరెస్టు ఎక్కుదురా?" అని యడుగవచ్చును. ఎక్కరు, ఎక్కనక్కరలేదు. భువనగిరి రాతికడకు వచ్చిన నూరుమందిలో శిఖరము చూచినవారు ఇద్దరే. మిగిలినవారిని గూర్చి పత్రికలు వ్రాయలేదు. వారికేమి మిగిలినది? మరి ఆ బండకు చేతులానించి పైకి పోయినప్పుడు వారి కాళ్ళును వణకి యుండవా? డార్జిలింగు వరకు పోయి మంచును మొదటిసారి తాకి తిరిగివచ్చిన బిడ్డ తన పల్లెలో నీళ్ళబిందె యెత్తుకొనునప్పుడు నిన్నటివలె ఎత్తుకొనునా? ఎన్నికలో ఆగిపోయిన బిడ్డకు ఆ యేడు వ్యర్థమా? మాకట్లు తోచదు. కాని ఆ సంగతి ఆమెయే చెప్పవలెను. ఆమె చెప్పుటకు ఎవరైనను అడుగవలెను. మన యింటి పదవ తరగతి బాలిక ఆ నూరుమందిలో ఒకతె. ఆమెకు మొదటి శ్రేణి వచ్చినను రాకున్నను ఒక బండను ఎక్కివచ్చినది.

అడుగుట యెట్లు? ముఖాముఖి యడిగినచో ఈ ప్రాయపు పిల్ల "ఏమున్నది, బాగానే గడచినది" అని లేచిపోవును. మాకు తోచిన ఉపాయమొకటి చెప్పెదము. వేసవి సెలవులలో ఒక రెండణాల పుస్తకమును (నేటి లెక్కకు ఇరువది రూపాయలు) ఆమె చేతికిచ్చి, ఈ యేటిలో నీకు జ్ఞాపకమున్నవి వ్రాయుమనవలెను. ఏది అన్నిటికంటె కష్టమైనది, ఎవరు తోడ్పడిరి, దేనికి ఏడ్చితివి, నిరుటికంటె ఇప్పుడు నీకేది సులభము, ఇట్టివి. వ్రాసిన తరువాత తప్పులు దిద్దరాదు. చూపనన్నచో చూడరాదు. తల్లికి చదువురానిచో చదివి వినిపింపుమనవచ్చును. నడిగడ్డలో అట్టి తల్లులే యెక్కువ గనుక, అట్లు చదివి వినిపించు రాత్రి తల్లికిని ఒక పాఠమే. తాను పెంచిన బిడ్డ తలలో ఏమి యున్నదో ఆమె మొదటిసారి వినును. గ్రంథములవలె నుండదు ఆ వ్రాత. "ఆగష్టులో ఇరువది దినములు బడికి పోలేదు, అప్పుడు చెప్పిన లెక్క నాకు ఇప్పటికిని రాదు" అని ఒక్క పంక్తి యుండవచ్చును. ఆ పంక్తి ఏ మార్కుల కాగితముపైనను ఉండదు. అక్కడ తక్కువ మార్కులు మాత్రమే యుండును, కారణముండదు.

ఫలితములు వచ్చు దినమును గూర్చి రెండు మాటలు. ఆ దినమున బాలికను ఇంట ఒంటరిగా విడువరాదు. తప్పినచో పొరుగింటి బాలికతో పోల్చరాదు, తండ్రి వచ్చువరకు భయపెట్టరాదు. తప్పినవారికి కొలది వారములలోనే సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. అందు నెగ్గినవారు ఇతరులతోపాటు ఆ యేడే ఇంటర్మీడియట్‌లో చేరవచ్చును. తప్పినదను పేరుతో బాలిక చదువును ముగించుటకు కాచుకొని యుండు పెద్దలు కొన్ని యిండ్లలో కలరు. కొడుకు తప్పినచో ఫీజు కట్టు చేతులే కూతురు తప్పినచో సంబంధములు చూచుట మొదలుపెట్టును. తల్లి ఆనాడు నోరు విప్పవలెను.

నెగ్గినవారికి త్రోవ యిదివరకటికంటె దగ్గరనే యున్నది. 2004లో మొదలైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములు చదువులో వెనుకబడిన మండలముల బాలికలకొరకే ఏర్పడినవి. వసతియు భోజనమును అక్కడనే. నడిగడ్డలోను ఇవి కలవు. సాంఘిక సంక్షేమ గురుకులముల సంగతి పైన వ్రాసితిమి. ఆడపిల్లను హాస్టలులో ఉంచుటకు మనస్సొప్పదను తల్లుల బాధ మాకు తెలియును. ఆ బాధను తేలికచేయు మాటలు మావద్ద లేవు. ముందుగా పోయి, గదులు, స్నానపు గదుల గడియలు, వంటశాల, రాత్రి కాపలా తమ కన్నులతో చూచి, అక్కడి బాలికలతో ఉపాధ్యాయినులు లేని వేళ మాటలాడి, అటుపిమ్మట నిశ్చయించుట మంచిది. ఏమైన లోపము కనబడినచో చూచినవారే అడుగవలెను. అడుగు తల్లులున్న హాస్టలు వేరుగా నడచును.

బడులు జూను 12న తెరతురు. పత్తి గింజ అప్పటికే నేలలో పడియుండును. ఆర్గనైజరు వచ్చి, ఏ యింట ఎన్ని చేతులున్నవో, ఎవరికెంత బయానా యని లెక్క వ్రాసికొనునది ఆ దినములలోనే. తొమ్మిది ముగించి పదికి వచ్చిన బాలిక పేరు ఆ లెక్కలో పడకుండ చూచుట అప్పుడే సాధ్యము. ఆగష్టునకు పూత వచ్చును. వచ్చిన తరువాత మొగ్గ ఎవరి కొరకును ఆగదు, బయానా పుచ్చుకొన్న యింట ఎవరి మాటయు చెల్లదు.